ముక్కు జోలికి పోకండి

పత్రికల్లో మనుషుల బొమ్మలు వేయడం నేర్చుకుంటానని వచ్చే కుర్రవాళ్ళకి అందరూ మొదట చెప్పే మాట ఒకటే. మొహంలో ఏది పెద్దగా ఉందో చూడు, దాన్ని ఇంకా పెద్దది చెయ్యి. ముక్కు పొడుగైతే మూరెడు చెయ్యి, చెవులు పెద్దవైతే చేటలంత చెయ్యి. ఈ మాట నమ్మి చేయి పాడుచేసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ముప్ఫై ఏళ్ళు ఎడిట్ పేజీ పక్కన కూర్చుని బొమ్మలు వేసినవాణ్ణి. నేను చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. మొదటి ఆర్నెల్లు ముక్కు జోలికి పోకండి. ముక్కు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేయండి. కళ్ళు, నోరు, గడ్డం, నుదురు అన్నీ పెట్టి, ముక్కులేని ఆ మొహాన్ని పక్కసీటు ఆయనకి చూపించండి. ఎవరో చెప్పగలిగితే మీకు పోలిక దొరికినట్టే. చెప్పలేకపోతే ఆ తర్వాత ముక్కు పెట్టినా దొరికేది ముక్కే గాని మనిషి కాదు.

ఇందిరాగాంధీనే తీసుకోండి. ఆ ముక్కు, జుట్టులో ఆ తెల్లపాయ వేస్తే చాలు, కింద ఏం గీసినా ఇందిరాగాంధీ అయిపోయేది. చిక్కంతా అక్కడే. 1977లో ఓడి ఇంట్లో కూర్చున్న మనిషి, 1980లో గెలిచి తిరిగొచ్చిన మనిషి ఒకరు కారు. ముక్కు మాత్రం అదే. ముక్కునే నమ్ముకున్నవాడికి ఆ మూడేళ్ళలో ఆ మొహానికి ఏమైందో చూడాల్సిన అవసరమే రాలేదు.

కారికేచర్ అన్న మాట ఇటలీవాళ్ళది. బరువెత్తడం, సరుకు నింపడం అని దాని మూలార్థం. పదహారో శతాబ్దం చివర్లో బొలోన్యా ఊళ్ళో అన్నిబాలె కరాచ్చి అనే చిత్రకారుడు సరదాకి ఇలాంటి మొహాలు గీసేవాడని, ఈ పద్ధతి అక్కడే మొదలైందని చెబుతారు. బరువు అన్న మాట విన్నప్పుడల్లా నాకు మా ఊళ్ళో వరిమోపులు ఎత్తిన ఎడ్లబండి గుర్తొస్తుంది. మోపులన్నీ ముందుకి నెడితే కాడి ఎద్దుల మెడలు వంచేస్తుంది. వెనక్కి నెడితే కాడి గాల్లోకి లేస్తుంది. బండి కట్టడం తెలిసినవాడు ఇరుసు మీద బరువు నిలిచేలా సర్దుతాడు. మొహంలో ఆ ఇరుసు ఎక్కడుందో వెతకండి. కొందరికి కింది పెదవిలో ఉంటుంది, కొందరికి భుజాల్లో ఉంటుంది. ముక్కు మీద ఉండటం చాలా అరుదు.

చూడాల్సింది మధ్య ఖాళీలని. కనుబొమకీ కంటికీ నడుమ ఎంత చోటుంది? ముక్కు కొస నుంచి పై పెదవి దాకా ఎంత దూరం? చెవి కంటికంటే పైకుందా, కిందికుందా? 1982లో అమెరికాలో ఎం.ఐ.టి.లో సూసన్ బ్రెనన్ అనే విద్యార్థిని ఇలాంటి దూరాలు కొలిచే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి తయారుచేసింది. అది ఒక మొహాన్ని సగటు మొహంతో పోల్చి, ఎక్కడెక్కడ తేడా ఉందో పట్టుకుని ఆ తేడాలన్నిటినీ ఒకే పాళ్ళలో పెంచుతుంది. 1987లో ఆమె మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి అలా పెంచిన గీతల బొమ్మలని మనుషులకి చూపించి పరీక్షించింది. తెలిసినవాళ్ళ మొహాలని, ఉన్నదున్నట్టు గీసిన గీతల్లో కంటే ఇలా పెంచిన గీతల్లోనే త్వరగా గుర్తుపట్టారు. ఆ ప్రోగ్రాంకి ముక్కు అంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. సగటుకి ఎంత దూరంగా జరిగిందన్నదే దానికి లెక్క.

అంటే సగటు మొహం ఏమిటో ముందు మన చేతికి తెలియాలి. అందుకే నా రెండో సలహా: ఏడాది పాటు ఏ నాయకుడి బొమ్మా వేయకండి. సినిమా వాళ్ళ బొమ్మలూ వద్దు. ఆ ఏడాది అంతా విజయవాడ బస్టాండులోనో సికిందరాబాదు స్టేషన్లోనో కూర్చుని, ఎవరికీ తెలియని మొహాలు గీయండి. రోజుకి పది. ఎవరినీ వెక్కిరించకుండా, ఏదీ పెంచకుండా, ఉన్నదున్నట్టు గీయండి. పల్నాటి రైతు చెంపఎముక ఎలా ఉంటుందో, కోనసీమ ముసలమ్మ నోట్లో చుట్ట ఉన్నప్పుడు పెదవి ఏ పక్కకి ఒరుగుతుందో మీ వేళ్ళకి అలవాటు కావాలి. మూడువేల మొహాలు గీశాక, టీవీలో మంత్రి కనిపించగానే ఆయన ఎక్కడ అందరిలా లేడో మీ చేతికి ముందే తెలిసిపోతుంది. ఈ ఏడాది వృథా అని మీ ఇంట్లోవాళ్ళు అంటారు, ఆఫీసులోవాళ్ళు కూడా అంటారు. అననివ్వండి.

ఇక ఫొటో గురించి. బొమ్మ వేసేటప్పుడు ఫొటో ఎదురుగా పెట్టుకోవద్దు. దీని మీద నాతో గొడవపడని ఆర్టిస్టు లేడు. అయినా నా మాట మార్చుకోను. ఫొటో అంటే సెకనులో 125వ వంతు. ఆ క్షణంలో ఆ మనిషి తుమ్మబోతున్నాడో, జేబులో కళ్ళజోడు వెతుక్కుంటున్నాడో మనకి తెలియదు. ఫొటోలో నీడలుంటాయి, ఫ్లాష్ మెరుపు ఉంటుంది, కెమెరాకి దగ్గరైన ముక్కు ఉన్నదానికంటే పెద్దదై కూర్చుంటుంది. మీరు గీసేది కెమెరా చూసిన మొహం. పాఠకుడి మనసులో ఉన్నది వేరు. అతను ఆ నాయకుణ్ణి సభలో దూరం నుంచి చూశాడు, టీవీలో అన్నం తింటూ చూశాడు, గోడమీద పోస్టర్లో చూశాడు. అవన్నీ కలిసి కరిగి ఒక ముద్దయ్యాయి. కారికేచర్ ఆ ముద్దకి పోలిక రావాలి.

ఇప్పుడు ఇంకో ఇబ్బంది వచ్చింది. గూగుల్‌లో పేరు కొట్టగానే మొదట వచ్చే ఫొటోనే అందరూ చూస్తున్నారు. మర్నాడు నాలుగు పత్రికలు పక్కపక్కన పెట్టి చూడండి, నాలుగు బొమ్మల్లోనూ తల ఒకే పక్కకి వాలి ఉంటుంది.

నేను చేసే పద్ధతి ఇది. మనిషి మాట్లాడుతున్న వీడియో ఒకటి పెట్టుకుని, గొంతు పూర్తిగా తగ్గించి పది నిమిషాలు చూస్తాను. కట్టేస్తాను. ఆ రోజు గీయను. బజారుకెళ్ళి కూరలు తెచ్చుకుంటాను, రాత్రి పడుకుంటాను. పొద్దున్న లేచాక ఏం గుర్తుంటే అది గీస్తాను. రాత్రంతా మనసు అక్కర్లేనిదాన్ని జల్లెడ పట్టి పారేస్తుంది. మిగిలింది చాలా కొంచెం, కాని అది ఆ మనిషి. మరి పత్రికలో అంత వ్యవధి ఎక్కడుంటుందని మీరడుగుతారు. సాయంత్రం ఆరింటికి సబ్ ఎడిటర్ వచ్చి, "సార్, మంత్రి రాజీనామా ఇచ్చాడు, ఏడున్నరకి పేజీ వెళ్ళిపోవాలి" అంటాడు. నిజమే. అందుకే వార్త రాకముందే మొహం సిద్ధంగా ఉండాలి. ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టుకుని, పేరు ఇంకా ఎవరూ ఎత్తని ఎమ్మెల్యేలవీ, జిల్లాల్లో నోరున్న నాయకులవీ మొహాలు తీరిక వేళల్లో గీసి పెట్టుకోండి. అందులో తొంభైమందికి ఎప్పుడూ అవసరం రాదు. మిగతా పదిమంది వార్తల్లోకి వచ్చిన సాయంత్రం మీ చేయి వణకదు.

ఆ నోటుబుక్కు నింపేముందు చేయాల్సిన పని ఒకటుంది. తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడండి. ఎవరి బొమ్మ వేయబోతున్నారో ఆ మనిషిలా నిలబడండి, ఆయనలా మెడ తిప్పండి, ఆయనలా చేయి ఊపండి. వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ గారి మిమిక్రీ చూసినవాళ్ళకి తెలిసే ఉంటుంది, ఎవరి గొంతు పలికిస్తే ఆయన మొహం కూడా ఆ మనిషి మొహం అయిపోయేది. గొంతు ఒక్కటే రావాలంటే రాదు. దవడ కదిలితేగాని గొంతు రాదు, భుజం లేస్తేగాని దవడ కదలదు. బొమ్మకీ అదే లెక్క.

1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధాని అయినప్పుడు దేశంలో కార్టూనిస్టులందరికీ ముందుకి పొడుచుకొచ్చిన ఆ మూతి దొరికింది. అందరం అదే గీశాం. నేనూ కొన్నాళ్ళు పక్షి ముక్కులా ఒక మూతి గీసి పంపించాను. ఒకరోజు అద్దం ముందు నిలబడి నా మూతిని అలా ముందుకి నెట్టి చూశాను. పెదవులు ముందుకొస్తుంటే కనురెప్పలు వాటంతటవే వాలాయి. గడ్డం కొంచెం లోపలికి పోయింది. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. అప్పుడు నాకనిపించింది, అది మూతి ఆకారం కాదు, మాటని లోపలే ఆపుకునే అలవాటు. ఆ రోజు నుంచి పి.వి. బొమ్మలో మూతి చిన్నది చేశాను, రెప్పలు బరువుగా వాల్చాను. పోలిక అంతకుముందు కంటే గట్టిగా వచ్చింది.

వేషాన్ని నమ్ముకోకండి. ఇది కూడా చాలామంది ఒప్పుకోరు, ఎందుకంటే వేషం చాలా తేలిక. 1982లో పార్టీ పెట్టి చైతన్యరథం ఎక్కినప్పుడు ఎన్టీఆర్ ఖాకీ బట్టల్లో ఉండేవారు. ఖాకీ చొక్కా, రథం వేస్తే బొమ్మ అయిపోయినట్టే అనుకున్నవాళ్ళున్నారు. తర్వాత ఆయన కాషాయం కట్టారు, తలపాగా చుట్టారు, చెవికి పోగు పెట్టారు. ఖాకీని నమ్ముకున్నవాడికి ఆ రోజు చేతిలో ఏమీ మిగల్లేదు. నా సలహా ఏమిటంటే, నాయకుణ్ణి బనీనుతో గీయండి. పంచె, కండువా, టోపీ, కళ్ళజోడు అన్నీ తీసేసి గీయండి. అచ్చుకి కాదు, మీ కోసం. ఆయన అలా కూడా ఆయనే అనిపిస్తే, అప్పుడు బట్టలు కట్టండి.

మొహం వదిలేసి వీపు గీయమని కూడా చెబుతాను. రాజశేఖర రెడ్డి గారి పంచెకట్టు నడకని వెనక నుంచి గీసినా పల్లెల్లో గుర్తుపట్టేవాళ్ళు. ఇందులో కొత్తేమీ లేదు. తోలుబొమ్మలాటలో వెనక వరసలో కూర్చున్న మనిషికి తెరమీద నీడ తప్ప మరేదీ సరిగ్గా కనపడదు. అయినా జుట్టు పోలిగాడు వచ్చాడో, కేతిగాడు వచ్చాడో, బంగారక్క వచ్చిందో బొమ్మ తెరకి ఆనగానే పిల్లలు అరిచేవాళ్ళు. మన కారికేచర్‌కి అసలు బడి ఆ తెల్లపంచె తెర. అనంతపురం వైపు వెళ్తే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆర్ట్ కాలేజీకి కట్టే ఫీజులో కొంత మిగుల్చుకుని అక్కడికి బస్సెక్కండి. తోలు మీద చిన్న ఉలితో చిల్లులు కొట్టడం చూడండి. దీపం వెలుగు ఎక్కడెక్కడ చొరబడాలో వాళ్ళు ముందే తేల్చుకుని కొడతారు.

అబూ అబ్రహాం 1975లో వేసిన బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని, చేయి బయటికి చాపి ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి ఇచ్చేస్తుంటాడు. ఎమర్జెన్సీ రోజులవి. ఆ బొమ్మలో మొహం కంటే ఆ చేయే ఎక్కువ మాట్లాడుతుంది. అమెరికాలో డేవిడ్ లెవీన్ చేసింది కూడా చూడండి. అధ్యక్షుడు జాన్సన్ ఆపరేషన్ అయ్యాక చొక్కా ఎత్తి పొట్టమీది కుట్లు విలేకరులకి చూపించాడు. లెవీన్ 1966లో ఆ సంఘటనే గీసి, కుట్ల మచ్చని వియత్నాం పటంలా మార్చాడు. జాన్సన్ ముక్కు ఆ బొమ్మలో పొడుగ్గానే ఉంది, కాదనను. కాని ఆ బొమ్మని అరవై ఏళ్ళుగా ఎవరూ ముక్కు కోసం తలుచుకోవడం లేదు.

బాగా గీయడం తగ్గించండి. ఇది చెప్పినప్పుడు పిల్లలు నొచ్చుకుంటారు. ఒక్కో వెంట్రుకా గీసి, బుగ్గమీద నీడలు దిద్ది, కంప్యూటర్లో రంగులు అద్ది తెస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, నిజమే. కాని నా పరీక్ష వేరు. ఆ బొమ్మని మూడో తరగతి పిల్లాడికిచ్చి, చూసి గీయమంటాను. వాడు గీసిన వంకర గీతల్లో కూడా ఆ నాయకుడు మిగిలి ఉన్నాడా? ఉంటేనే అది పత్రిక బొమ్మ.

1831లో పారిస్‌లో షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికాధిపతి మీద రాజుని అవమానించాడని కేసు పెట్టారు. ఆయన కోర్టులోనే నాలుగు బొమ్మలు గీసి చూపించాడు. మొదటిది లూయీ ఫిలిప్ రాజు మొహం, చివరిది బేరిపండు. మధ్యలో రెండు బొమ్మల్లో రాజు కొంచెం కొంచెంగా పండవుతాడు. మొదటి బొమ్మ నేరం కాకపోతే రెండోది ఎలా నేరం, రెండోది కాకపోతే మూడోది ఎలా అని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు, జైలు శిక్ష వేసింది. కాని బేరిపండు గీయడానికి ఆర్టిస్టు అక్కర్లేదు. పారిస్ గోడలనిండా పిల్లలు బొగ్గుముక్కలతో బేరిపండ్లు గీశారు. రాజుగారి పోలీసులు ఎన్ని గోడలని తుడుస్తారు? చెంపలు కిందికి జారి, పైన తల సన్నబడిన ఆ మొహాన్ని ఫిలిపాన్ మూడు గీతల్లోకి దించాడు. అంత తక్కువలో ఒక మనిషిని పట్టుకోవడం నాకు ముప్ఫై ఏళ్ళలో నాలుగైదుసార్లే జరిగింది.

కాగితం, కలం గురించి ఎక్కువ చెప్పను. మంచి కాగితం కొనకండి. న్యూస్‌ప్రింట్ ముక్కల మీద గీయండి, మీ బొమ్మ చివరికి పడేది దానిమీదే. ఇంకు పీలుస్తుంది, సన్నగీతని లావు చేస్తుంది, దగ్గర దగ్గరగా పెట్టిన గీతలని మసిముద్ద చేస్తుంది. జింకు బ్లాకుల కాలంలో ఇది ప్రతి ఆర్టిస్టుకీ తెలుసు. ఇప్పుడు టాబ్లెట్ తెరమీద పదింతలు పెద్దది చేసి కంటిరెప్పలు దిద్దుతున్నారు, అచ్చులో అది బొటనవేలంత. అచ్చులో ఎంత ఉంటుందో అంతలోనే మొదటి గీత గీయండి. రబ్బరు వాడకండి, అన్‌డూ మీట జోలికీ పోకండి. గీత తప్పితే ఇంకో కాగితం తీసుకుని మొదటినుంచి గీయండి. పదోసారి గీసేటప్పుడు చేతికి అక్కర్లేని గీతలు అలసటతో రాలిపోతాయి.

కోపంగా ఉన్నరోజు బొమ్మ వేయకండి. రాజకీయ బొమ్మకి కోపమే పెట్రోలు అంటారు, నేను ఒప్పుకోను. కోపంతో గీసిన మొహాలన్నీ చివరికి ఒకే రాక్షసుడి మొహంలా తేలతాయి. న్యూయార్క్ రాజకీయ నాయకుడు బాస్ ట్వీడ్‌ని కార్టూనిస్టు థామస్ నాస్ట్ ఏళ్ళ తరబడి గీశాడు. ఆ దొంగని ఆయన ద్వేషించాడు, అందులో అనుమానం లేదు. కాని ఆ పొట్ట కొలతలు దర్జీకి తెలిసినట్టు ఆయనకి తెలుసు. నిర్బంధంలోంచి పారిపోయిన ట్వీడ్‌ని 1876లో స్పెయిన్‌లో పట్టుకున్నప్పుడు, అక్కడివాళ్ళకి గుర్తుపట్టడానికి ఉపయోగపడింది నాస్ట్ బొమ్మే. ద్వేషం ఒక్కటే ఉంటే స్పెయిన్ పోలీసుకి ఏం దొరికేది? మన కార్టూనిస్టు శంకర్ సంగతి వేరు. 1948లో ఆయన వారపత్రికని నెహ్రూయే ప్రారంభించారు, తనని కూడా వదిలిపెట్టవద్దని ఆయనకి చెప్పారు. శంకర్ వదిలిపెట్టలేదు. ఆ బొమ్మల్లో నెహ్రూ ఎన్నిసార్లు తడబడినా, గీసినవాడికి ఆ మనిషంటే ఇష్టముందని తెలిసిపోతుంది. ఎవరినైనా గీసేముందు, వాళ్ళలో మీకు నచ్చింది ఒకటి వెతకండి. కనీసం వాళ్ళు టీ తాగే తీరైనా సరే. అది దొరికేదాకా ఆగండి.

ఇది నాకు ఊరికే తెలియలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నాయకుడి మీద పట్టలేని కోపంతో ఆయన కుంటుకుంటూ నడవడం గీశాను. ఆయన కాలు నిజంగానే కొంచెం ఈడుస్తారు. బొమ్మ బాగా వచ్చిందని డెస్క్ అంతా మెచ్చుకుంది. వారం తర్వాత ఒక కార్డు వచ్చింది. ఏదో చిన్న ఊళ్ళో బడిపంతులు. చిన్నప్పుడు పోలియో వచ్చి తనకీ కాలు అలాగే అయిందని, ఆ పొద్దున్న క్లాసులో పిల్లలు ఆ పత్రిక పట్టుకుని తనని చూసి నవ్వారని రాశాడు. ఆ నాయకుడు చేసిన తప్పేమిటో ఎంత చూసినా బొమ్మలో కనపడలేదని, తన కాలు మాత్రం కనపడిందని రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయింగ్ బోర్డు వెనక అతికించి ఉంది. అప్పటినుంచి పుట్టుకతోనో జబ్బుతోనో వచ్చినదాన్ని నేను గీయలేదు. ఒంటి నలుపుని గీయలేదు, ఆడవాళ్ళ ఒళ్ళుని గీయలేదు. ఎవరు అడిగినా సరే, అలాంటి బొమ్మ నేను ఇవ్వలేదు. మనిషి తనంతట తాను తెచ్చుకున్నది గీయండి. అధికారం వచ్చాక పెరిగిన మెడ, అబద్ధం చెప్పేటప్పుడు నవ్వే నవ్వు, తన పార్టీ ఓడిన సాయంత్రం ఒక్కసారిగా సన్నబడే భుజాలు. సరుకు అక్కడ కావలసినంత ఉంది.

2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో మొదటి బహుమతి సాక్షి పత్రికలో వచ్చిన బొమ్మకి దక్కింది. వేసింది నల్లగొండ పామర్తి శంకర్. మండేలా మొహం. ప్రపంచంలో మండేలాని గీయని కార్టూనిస్టు ఉండడు. అంతమంది గీసేసిన మొహం మీద కూడా ఇంకా చూడనిది మిగిలే ఉంటుంది. మొహం అయిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి.

చివరిగా, మట్టి పిసకండి. ఫిలిపాన్ దగ్గర పనిచేసిన దోమియే అనే కుర్రవాడు 1832 ప్రాంతంలో ఫ్రెంచి పార్లమెంటు సభ్యుల తలలని పచ్చిమట్టితో చేసి రంగులు వేశాడు. సభలో వాళ్ళని చూసి ఇంటికొచ్చి, గుర్తున్నదాన్ని బట్టి చేశాడంటారు. పేపర్లో వేసే మొహాలకి ఆ మట్టితలలే ఆధారం. వాటిలో 36 ఇప్పటికీ పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. పచ్చిమట్టి, కాల్చను కూడా లేదు. సాయంత్రానికి బొమ్మ ఇవ్వాల్సిన పత్రికాఫీసులో మట్టితో పని ఏమిటంటారు. వినాయక చవితికి కుమ్మరి దగ్గర విగ్రహం కొన్నప్పుడు ఇంకో రెండు ముద్దల మట్టి అడిగి తెచ్చుకోండి. తడిగుడ్డ చుట్టి ఉంచితే చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. రాత్రి పడుకునేముందు గోలీకాయంత నుంచి నిమ్మకాయంత దాకా తలలు చేయండి. కళ్ళు మూసుకుని చేయండి. బొటనవేలితో కళ్ళ గుంటలు నొక్కండి, దవడ లాగండి, మెడ నొక్కండి, చెవులు అతికించండి. అలా వదిలేసి పడుకోండి. పొద్దున్న లేచి కాఫీ కలుపుకునే లోపల ఆ తల మీవైపు చూస్తే, అది ఫలానా మనిషని మీరు గుర్తుపడితే, అప్పుడు చిటికెడు మట్టి తీసుకుని ముక్కు పెట్టండి.